గేటు ఉన్న బడి, గేటు లేని బడి



పోయిన డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకని మా అక్క బిడ్డ అమెరికా నుంచి వచ్చింది. టెక్సాసులో లెక్కల టీచరు. ఎక్కాలు నా దగ్గరే నేర్చుకున్న పిల్ల. తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాదులో విమానం దిగింది. నేను, మా ఆయన కారేసుకుని వెళ్ళాం. పెట్టెలు డిక్కీలో సర్ది ఇంకా రోడ్డెక్కలేదు, "చిన్నమ్మా, రిటైరైనంక కూడ పొద్దుగాల లేస్తే బడి ముచ్చటేనంట గద నీది" అని ఆటపట్టించింది.

"సరేలేవే, ముందు నీ బడి ముచ్చట చెప్పు" అన్నాను.

"మాది చార్టర్ స్కూలు చిన్నమ్మా."

"అంటే ప్రైవేటా?"

"కాదు. పైసలు సర్కారువే. పిల్లల దగ్గర ఫీజు తీస్కోరు. కాని నడిపేటోళ్లు వేరే. ఇన్నేండ్లని సర్కారుతోని కాయితం రాసుకుంటరు. పిల్లలకు చదువు రాకుంటె ఆ కాయితం చెల్లది, బడి బంద్."

మా ఆయన బండి నడుపుతూనే అందుకున్నాడు: "నువ్విప్పుడు దిగొచ్చిన ఎయిర్‌పోర్టు కూడ గసుంటిదే గద బిడ్డా."

ఆలోచిస్తే నిజమే. ఐదువేల ఎకరాలకు పైబడిన ఆ స్థలం సర్కారు సేకరించి ఇచ్చింది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2008 మార్చిలో బేగంపేట మూతపడి, ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి వచ్చేశాయి. నడిపేది జి.ఎం.ఆర్. వారి కంపెనీ. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా పెట్టారు. సర్కారు భూమి, కంపెనీ నిర్వహణ, గడువు రాసుకున్న కాగితం. మా పిల్ల చెప్పిన బడి లెక్క కూడా అదే.

అయితే శంషాబాదులో ఎయిర్‌పోర్టుతో పాటు బస్టాండు కూడా ఉంది. ఎయిర్‌పోర్టు లోపలికి పోవాలంటే గేటు దగ్గర టికెట్టు చూపించాలి, గుర్తింపు కార్డు చూపించాలి. లోపల అద్దాల్లా నేల, వేళకు కదిలే బండ్లు, ఎవరి సీటు వాళ్ళకు. బస్టాండుకు గేటు ఉండదు. టికెట్టున్నవాడూ వస్తాడు, లేనివాడూ వస్తాడు. వాన పడితే గొర్రెలు కూడా వచ్చి నిలబడతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, "చూడండి, ఎయిర్‌పోర్టు ఎంత శుభ్రంగా ఉందో, బస్టాండు ఎట్లా ఉందో" అనడం తేలిక. బళ్ళ గురించి మనం మాట్లాడుకునే మాటలు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. గేటు ఉన్న బడిలోనూ, గేటు లేని బడిలోనూ పాఠం చెప్పినదాన్ని కాబట్టి, ఆ గేటు గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1988లో ఆల్బర్ట్ షాంకర్ అనే ఆయన ఈ ఆలోచనను ప్రచారం చేశారు. ఆయన ఉపాధ్యాయ సంఘం నాయకుడు. పై అధికారుల సర్క్యులర్లు అడ్డం లేకుండా కొందరు టీచర్లు తమకు తోచిన పద్ధతిలో చదువు చెప్పి చూస్తారు, పనికొచ్చింది మిగతా బళ్ళు నేర్చుకుంటాయి అని ఆయన ఉద్దేశం. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. మరుసటి ఏడు సెయింట్ పాల్ నగరంలో తొలి బడి తెరిచారు. పోను పోను ఆ బళ్ళు మామూలు సర్కారు బళ్ళకు పోటీగా తయారయ్యాయి, ఉపాధ్యాయ సంఘాలే వాటిని వ్యతిరేకించే దాకా వచ్చింది. పిల్లలు సీట్లకు మించి వస్తే లాటరీ తీస్తారు. టీచర్లను ప్రిన్సిపాలే నేరుగా తీసుకోవచ్చు, వద్దనుకుంటే పంపించవచ్చు. "మా దాంట్ల మూడేండ్లు నిలబడ్డోళ్లను సీనియర్లంటరు చిన్నమ్మా" అని నవ్వింది మా పిల్ల. ఆ నవ్వులో అలసట వినపడింది.

మరి మన దగ్గర అట్లాంటి బడి ఏది? పేరు వేరైనా, దగ్గరి చుట్టం గురుకులం. 1971లో, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం వెలిసింది. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్ళి. 1980లలో ఎస్.ఆర్. శంకరన్ గారి పూనికతో దళిత బిడ్డలకు సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. వీటిని విద్యాశాఖ నేరుగా నడపదు. ఒక్కో రకానికి ఒక్కో సొసైటీ. సొసైటీకి తన కార్యదర్శి, తన నిబంధనలు. డబ్బు మాత్రం సర్కారుది. తెలంగాణ వచ్చాక ఇవి విపరీతంగా పెరిగి, అన్ని సొసైటీలవీ కలిపితే ఇప్పుడు సుమారు వెయ్యి ఉన్నాయి. 2024 అక్టోబరులో మన షాద్‌నగర్ అవతల కొందుర్గులో యంగ్ ఇండియా పేరుతో మరో రకం గురుకులాలకు శంకుస్థాపన చేశారు. ఒక్కో ప్రాంగణం ఇరవై ఎకరాలకు పైనే.

తేడా కూడా చెప్పుకోవాలి. నడిపేది బయటి సంస్థ కాదు, సర్కారు పెట్టిన సొసైటీయే. పిల్లలు రాత్రింబవళ్ళు అక్కడే ఉంటారు. లాటరీ బదులు ప్రవేశ పరీక్ష. ఐదో తరగతి సీటు కోసం నాలుగో తరగతి పిల్ల హాల్ టికెట్ పట్టుకుని పరీక్ష రాస్తుంది. అదే నేను గేటు అంటున్నది.

నా ఉద్యోగం మొదలైంది గురుకులంలోనే. లెక్కలు చెప్పేదాన్ని. తరగతికి నలభై మంది. పొద్దున ఐదింటికి పీ.ఈ.టీ. సారు విజిలుతో మొదలై, రాత్రి తొమ్మిదిన్నరకు లైట్లార్పే దాకా అంతా గంటల లెక్కే. అక్కడ టీచరుకు దొరికే భాగ్యం ఒక్కటే, అది రాత్రి స్టడీ అవర్. పగలు పదకొండింటికి భిన్నాలు చెప్పాననుకోండి. అరకు మూడో వంతు కలపమంటే, పైనున్నవి పైన కూడి, కిందున్నవి కింద కూడి, ఐదింట రెండు వంతులని రాసేవాళ్ళు ఏ తరగతిలోనైనా ఆరేడుగురుంటారు. ఆ తప్పు ఆ రాత్రే నా కంటపడేది. మెస్సు నుంచి రెండు రొట్టెలు తెప్పించి, ఒకదాన్ని రెండు ముక్కలు, ఇంకోదాన్ని మూడు ముక్కలు చేసి, "సగం రొట్టె ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువెట్లయితదిరా?" అని అడిగేదాన్ని. ఐదింట రెండు వంతులంటే సగం లోపే కదా. తెల్లారేసరికి ఆ తప్పు ఉండేది కాదు. పొద్దున చేసిన తప్పును ఆ రాత్రే దిద్దగలగడం అంటే ఏమిటో టీచర్లకు తెలుస్తుంది.

ఇంకో పక్క కూడా ఉంది. నెలలో ఎన్నో రాత్రులు డ్యూటీ. పిల్లకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది మేమే, పెద్దమనిషైతే ధైర్యం చెప్పేది మేమే, ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే పక్కన కూర్చునేది మేమే. మా సొంత బిడ్డలు ఇంటి దగ్గర నాయనమ్మ పక్కలో పడుకునేవాళ్ళు. ఓ ఆదివారం ఇంటికి పోతే మా చిన్నోడు నన్ను "టీచర్" అని పిలిచాడు. నవ్వులాటకే పిలిచాడు, నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. 1998లో టీచరు పోస్టుల డీఎస్సీ పడగానే రాసి, జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చేశాను. నాలాంటి ఆడవాళ్ళు చాలామంది అట్లాగే వచ్చారు. జీతంలో పెద్ద తేడా లేదు. సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టాక ఇంటికి పోవచ్చు, అంతే.

ఇట్లా వచ్చిపడ్డ బడి శంషాబాదు చుట్టుపక్కల పల్లెలో. అప్పటికి ఎయిర్‌పోర్టు మాట ఎవరికీ తెలియదు. పిల్లలంతా రైతుల బిడ్డలు, లంబాడి తండాల బిడ్డలు. కూరగాయల కోతలప్పుడు తరగతి సగం ఖాళీ. 2005 మార్చిలో ఎయిర్‌పోర్టుకు పునాదిరాయి పడింది. పొలాలు పోయాయి. కొందరికి పరిహారం డబ్బొచ్చింది, ఆ డబ్బుతో పాటు ఇంటి ముందుకు ఇంగ్లీషు మీడియం పసుపుపచ్చ బస్సు వచ్చింది. భూమి అమ్మినవాళ్ళ పిల్లలు బస్సెక్కారు. రోడ్లు, గోదాములు, హోటళ్ళు కట్టేవాళ్ళు ఒడిశా నుంచి, బీహారు నుంచి, పాలమూరు నుంచి వచ్చారు. వాళ్ళ పిల్లలు మా బడికొచ్చారు. ఐదేళ్ళలో నా తరగతి గదిలో మొహాలే మారిపోయాయి. ఎనిమిదో తరగతిలో ముప్పై ఐదు మందికి నాలుగు ఇంటి భాషలు. తెలుగు, లంబాడి, హిందీ, ఒడియా.

ఆ తరగతికి ఇప్పుడు భిన్నాలు చెప్పాలి. ముందు వరసలో ముగ్గురికి నేను నోరు తెరవకముందే వస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళకు ఎక్కాలు ఏడు దాకా వచ్చు, ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగిపోతారు. వెనక ఇద్దరు మూడంకెల సంఖ్య చదవలేరు. ఒక పిల్లవాడికి లెక్క తెలుసు గాని ప్రశ్న చదవడం రాదు. 2022 నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మంచి ఆలోచనే. రెండు పేజీలూ చదవలేని పిల్లకు మాత్రం బొమ్మలే దిక్కు. ఈ ముప్పై ఐదు మందికి నా దగ్గర ఉన్నది నలభై నిమిషాల పీరియడు. రాత్రి స్టడీ అవర్ లేదు. లాంగ్ బెల్లు తర్వాత ఒకడు టీ కొట్టుకు, ఒకతి చెల్లెల్ని ఎత్తుకోవడానికి వెళ్ళిపోతారు. పొద్దున తప్పు మర్నాటిదాకా అట్లాగే ఉంటుంది. మర్నాడు ఆ పిల్ల రాకపోతే, వచ్చిన రోజుదాకా.

గురుకులంలో నేను మంచి టీచర్నని పేరు. ఇక్కడ మొదటి రెండేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. అదే గొంతు, అదే బోర్డు, అదే రొట్టె ముక్కలు. ఫలితం మాత్రం వేరు. నా పనితనం తగ్గిందేమోనని బెంగపడ్డాను. తర్వాత తెలిసింది, గురుకులంలో నా పని సగం ఆ ప్రవేశ పరీక్షే చేసిపెట్టేదని.

ఇంకొక్క మాట కూడా ఉంది. ప్రతి జూన్‌లో మా మండలం ప్రాథమిక బళ్ళ నుంచి చురుకైన పిల్లలు గురుకులాలకు వెళ్ళిపోతారు. వెళ్ళాలి కూడా. ఆ పిల్లల్ని పరీక్షకు తయారుచేసేది ఆ బడి టీచర్లే. సాయంత్రాలు కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించి, హాల్ టికెట్లు తీయించి, పరీక్ష సెంటరుకు సొంత బండి మీద తీసుకుపోయిన ఎస్జీటీలు, అంటే ప్రాథమిక బడి టీచర్లు, నాకు తెలుసు. సీటొస్తే స్వీట్లు పంచుతారు. మర్నాటి నుంచి వాళ్ళ తరగతిలో ఆ ముగ్గురు నలుగురు ఉండరు. రైతు విత్తనానికని గట్టి గింజలు ఏరి పక్కన పెడతాడు. ఆ తర్వాత మిగిలిన కుప్పను చూసి పంట తాలు పోయిందని ఏ రైతూ అనడు. బడి విషయంలోనే అంటున్నాం.

గురుకులాల గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ గురుకులం లేకపోతే ఆ పిల్ల అంత దూరం చూసేది కాదు. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లకు, పన్నెండేళ్ళకే పెళ్ళి మాటలు మొదలయ్యే పిల్లకు, గురుకులం గోడ రక్షణ. నేను అడిగేదల్లా, ఎయిర్‌పోర్టును ఎయిర్‌పోర్టుతో పోల్చండి, బస్టాండును బస్టాండుతో పోల్చండి అని.

సరే, టీచరమ్మ తన బడిని వెనకేసుకొస్తోందని మీరనుకోవచ్చు. అందుకే మన గడ్డ మీదే జరిగిన ఒక పరిశోధన గురించి చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆధ్వర్యంలో, ఐదు జిల్లాల్లో 180 పల్లెలు ఎంచుకున్నారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. సర్కారు బడి పిల్లల్లో ప్రైవేటు బడికి పోతామన్నవాళ్ళ పేర్లు లాటరీ వేసి, తగిలినవాళ్ళకు ఫీజు కట్టి ప్రైవేటు బడిలో చేర్పించారు. ఆ లాటరీలోనే ఉంది కిటుకు. లాటరీ తగిలిన పిల్లా, తగలని పిల్లా ఇద్దరూ ఒకే రకం ఇళ్ళవాళ్ళు, ఇద్దరి తల్లిదండ్రులూ అడిగినవాళ్ళే. గేటు ప్రభావం అక్కడ పోయింది, మిగిలింది బడి ప్రభావమే.

నాలుగేళ్ళ తర్వాత చూస్తే, తెలుగులో, లెక్కల్లో ఇద్దరికీ తేడా లేదు. ప్రైవేటు బళ్ళ మార్కులు మామూలుగా ఎక్కువ కనపడుతున్నాయంటే, అందులో చాలావరకు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ఇది విని సర్కారు టీచర్లు జబ్బలు చరుచుకోవచ్చు. కాని అదే పరిశోధనలో ఇంకో సగం ఉంది. ప్రైవేటు బళ్ళు తెలుగుకు, లెక్కలకు మనకంటే తక్కువ సమయమిచ్చి ఆ మార్కులు తెప్పించాయి. మిగిలిన సమయంలో హిందీ లాంటివి నేర్పితే, హిందీలో ఆ పిల్లలే బాగా ముందున్నారు. ఒక్కో పిల్లపై వాళ్ళ ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. అక్కడి టీచరు జీతం మా జీతంలో ఆరో వంతు కూడా లేదు.

ఈ రెండో సగం మింగుడుపడడం కష్టం. 2003లో దేశమంతటా సర్కారు ప్రాథమిక బళ్ళకు చెప్పకుండా వెళ్ళి చూస్తే, నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. అది కూడా నిజమే. మా పిల్లల మీద, ఊరి మీద, పై అధికారుల మీద తోసేసి మేము తప్పించుకున్న రోజులు లేవని నేను చెప్పను. అమెరికా లెక్కలు కూడా ఇట్లాగే తిరకాసుగా ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో కేంద్రం 2009లో చూసినప్పుడు, లెక్కల్లో 17 శాతం చార్టర్ బళ్ళు మామూలు బళ్ళకంటే మెరుగు, 37 శాతం అధ్వానం, మిగిలినవి సమానం. 2023లో మళ్ళీ చూస్తే చార్టర్ పిల్లలు కొద్దిగా ముందున్నారు. బోర్డు మీద పేరు చూసి బడిని అంచనా కట్టలేమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆరో వంతు జీతం మాట వచ్చింది కాబట్టి, మనం తరచూ మరిచిపోయే మూడో టీచరును కూడా తలుచుకోవాలి. పసుపుపచ్చ బస్సు బడిలో చెప్పే అమ్మాయి. డిగ్రీ, బీయిడీ చేసి, టెట్ పాసై, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ చేరుతుంది. తెలంగాణలో 2017 తర్వాత మళ్ళీ టీచర్ల భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. మధ్యలో ఏడేళ్ళు ఆ అమ్మాయి ఏం చేయాలి? పొద్దున బస్సులో పిల్లల్ని ఎక్కించుకుంటూ వచ్చి, సాయంత్రం దింపుకుంటూ పోయి, వేసవి నెలల జీతం లేకుండా, అడ్మిషన్ల టార్గెట్టు నెత్తిన పెట్టుకుని బతకాలి. జూన్‌లో, పిల్లల్ని మా బడిలో చేర్పించమని బడిబాట కరపత్రాలు పట్టుకుని మేము ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఎదురింటి గుమ్మంలో తమ బడి కరపత్రాలతో ఆ అమ్మాయిలు కనపడేవాళ్ళు. వాళ్ళలో ఒకతి పదో తరగతి దాకా నా దగ్గర చదివిన పిల్లే. "మేడం, ఈ ఇల్లు మీరు తీస్కోండి, ఆ ఇల్లు నేను తీస్కుంట" అంది. ఇద్దరం గడప మీద కూర్చుని మంచినీళ్ళు తాగి లేచాం.

సర్కారు డబ్బుతో ఇతరులు నడిపే బడి మనకు కొత్త కాదని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నిజాం కాలంలో హైదరాబాదులో పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే. తెలుగు ఆడపిల్లలకు తెలుగులో చదువు కావాలని మాడపాటి హనుమంతరావు గారు పూనుకుంటే 1928లో బాలికల పాఠశాల వెలిసింది. అట్లా ప్రజలు పెట్టుకున్న బళ్ళకు తర్వాతి కాలంలో సర్కారు జీతాలిచ్చేది. వాటినే ఎయిడెడ్ బళ్ళు అన్నాం. ఒక టీచరు రిటైరైతే ఆ కుర్చీ నింపకుండా వదిలేయడం మొదలై, చాలా ఎయిడెడ్ బళ్ళు మెల్లగా ఎండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వాటి టీచర్లను సర్కారులోకి తీసుకునే ప్రయత్నం జరిగి పెద్ద గొడవే అయింది. ఒప్పందం మీద నడిచే బడికి ఉండే ప్రాణభయం ఇదే. కాగితం మీద సంతకం చేసినవాళ్ళు మారితే, బడి గతి మారుతుంది.

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వస్తాను. "నీ పాత బడి చూపించు చిన్నమ్మా" అంటే ఓ రోజు తీసుకుపోయాను. హెడ్మాస్టరు గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. మధ్యాహ్న భోజనం లెక్క ఫోన్‌లో ఎక్కిస్తూనే మాట్లాడారు. ఇదొక్కటే కాదు, సర్వేల పనీ టీచర్ల మీదే పడుతుంది. 2014లో సమగ్ర కుటుంబ సర్వేకు మేమే ఇల్లిల్లూ తిరిగాం. 2024 నవంబరులో మళ్ళీ కుటుంబ సర్వే వస్తే ప్రాథమిక బళ్ళు ఒంటిపూటే నడిచాయి, మధ్యాహ్నం నుంచి ఎస్జీటీలు ఊళ్ళు పట్టుకు తిరిగారు. "మీకు ఇవన్ని ఉండయా?" అని సారు అడిగితే, "మాకు పాఠం తప్ప వేరే పని చెప్పరు సర్, కాని పాఠం లెక్క ప్రతి శుక్రవారం చెప్పాలె" అంది మా పిల్ల. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడ్డట్టు నాకనిపించింది.

బల్ల మీద అడ్మిషన్ రిజిస్టరు ఉంది. మా పిల్ల దాన్ని తిప్పుతూ ఒక చోట ఆగింది. రెండేళ్ళ కిందటి జనవరిలో చేరిన పేరు, నా చేతిరాతే. ఇటుక బట్టీకి పనికొచ్చిన ఒడిశా కుటుంబం పిల్ల. టీసీ లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేకపోయినా, ఏడాది మధ్యలో వచ్చినా, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. చేర్చుకున్నాం. తెలుగు ఒక్క ముక్క రాదు. అయితే లెక్కల్లో ఆ పిల్ల నన్ను తికమక పెట్టింది. రాతలో రెండంకెల గుణకారం చేయలేదు, నోటితో మాత్రం టక్కున చెప్పేది. బట్టీలో కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. వరసకు ఎన్ని, ఎన్ని వరసలు, ఇంకా ఎన్ని పేరిస్తే వెయ్యి నిండుతుందని వాళ్ళమ్మానాన్నల వెంట తిరిగి ఆ పిల్ల వేళ్ళ మీద లెక్క నేర్చింది. నేను బోర్డు మీద చుక్కలతో ఇటుకల వరసలు గీసి, పక్కన అంకెలు రాశాను. నెల రోజుల్లో రాత కూడా పట్టుకుంది. తరగతిలో మిగతావాళ్ళకు కూడా గుణకారం ఆ ఇటుకలతోనే చెప్పాను, ఎనిమిదో ఎక్కం దగ్గర ఆగినవాళ్ళు కూడా కదిలారు. ఏడాది చివరి పరీక్షలకు ముందే ఆ కుటుంబం ఎటో వెళ్ళిపోయింది. ఆ పేరు ఎదురుగా వ్యాఖ్యల గడిలో "లాంగ్ ఆబ్సెంట్" అని రాసి ఉంది.

"ఈ పిల్ల మీ ఫలితాల్ల లెక్కకొచ్చిందా చిన్నమ్మా?"

"వచ్చింది. పరీక్ష రాయనోళ్ల లెక్కల."

"మా దాంట్ల ఐతే అసలు చేరేదే కాదు. జనవరిల సీటు ఉండది. వెయిటింగ్ లిస్టుల పేరు రాస్తరు."

ఇంటికొస్తుంటే దారి పొడుగునా దీని గురించే మాట్లాడుకున్నాం. మా పిల్ల అన్నవీ, నేను అన్నవీ కలిపి మీ ముందు పెడతాను. బడిని మార్కులతో తూచేటప్పుడు, పిల్ల ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. కొన్ని నెలలే ఉన్నా సరే, ఆ కొన్ని నెలల నడకను లెక్కలోకి తీసుకోవాలి. గురుకులం గొప్పతనం గోడల్లో కంటే ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఎక్కువ ఉంది. అట్లాంటి గంట ఒకటి, మంచి వెలుతురు, గుప్పెడు ఉడికిన శనగలు, అందుకని ప్రత్యేకంగా వేసిన టీచరుతో పల్లె బడికి కూడా ఇవ్వొచ్చు. పదో తరగతికి పరీక్షల ముందు ఇట్లాంటి క్లాసులు పెడుతూనే ఉన్నాం, అవసరం ఉన్నది ఆరో తరగతికి. ఇక సర్వేలు, యాప్‌లు, లెక్కల పని ఇంకెవరికైనా అప్పగించి, బదులుగా మమ్మల్ని పాఠం గురించి ప్రతి శుక్రవారం అడగండి. మా పిల్ల బడి నుంచి నేను అరువు తెచ్చుకోవాలనుకునేది అదొక్కటే. అడిగేవాళ్ళుంటే మేము కూడా మారతాం.

తిరుగు ప్రయాణం రోజున మా పిల్లను దింపడానికి మళ్ళీ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. గేటు దగ్గర జవాను టికెట్టు చూసి, పాస్‌పోర్టు చూసి, మొహం చూసి లోపలికి వదిలాడు. మేము బయటే నిలబడి చేతులూపాం. వచ్చేటప్పుడు శంషాబాదు బస్టాండు దగ్గర ట్రాఫిక్కులో ఆగాం. మూటలు, బకెట్లు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం బస్సు దిగుతోంది. ఎక్కడి నుంచి వచ్చారో, ఏ పనికో తెలియదు. పెద్దపిల్లకు పదేళ్ళుంటాయి. మా ఆయన హారన్ కొట్టబోతుంటే ఆగమన్నాను. కిటికీ అద్దం దించి, ఇక్కడికి దగ్గర్లో బడి ఎక్కడుందో ఆ తల్లికి హిందీలో చెప్పాను. "కాగజ్ నహీ హై మేడం" అంది.

కాగితం అక్కర్లేదమ్మా, పిల్లను తీసుకుని రేపు తొమ్మిదింటికి రా అన్నాను.